ఏకబిగిన

తెనాలిలో కవులకు కొదవ లేదు, పాఠకులకే కరువు. ఆ కరువు మాస్టారిని మాత్రం తాకలేదు. తాకిందని ఎవరైనా అనుమానపడితే ఆయన మాటలు వృథా చేయరు, ఫోన్ తీసి తన వెబ్‌సైటు చూపిస్తారు. అందులో పైన ఆయన ఫొటో, ఫొటో కింద కవితా సంపుటి అట్ట, అట్ట కింద మచ్చుకి రెండు కవితలు, ఆ కింద ఆకుపచ్చ రంగు డౌన్‌లోడ్ బటన్ ఉంటాయి. బటన్ పక్కన ఒక అంకె. ఈ కథ నాటికి అది 7,412.

కవిత్వం అచ్చేస్తే అయిదొందల కాపీలు వేయాలి, నాలుగొందలు మంచం కింద పెట్టుకోవాలి. ఆ సంగతి తెలిసిన మనిషి కాబట్టి, మాస్టారు రిటైరయ్యాక వచ్చిన డబ్బులో ప్రెస్సుకి పైసా ఇవ్వలేదు. పుస్తకాన్ని పీడీఎఫ్ చేయించి ఉచితంగా లోకం మీదికి వదిలారు.

లోకం కూడా ఋణం ఉంచుకోలేదు. రెండేళ్ళలో ఏడు సమీక్షలు వచ్చాయి. ఒక సాహితీ సంస్థ ఉగాదికి శాలువా కప్పి, రూ.10,116 చేతిలో పెట్టి, ‘పుటపుటలోనూ మట్టి పరిమళం’ అని సన్మానపత్రం చదివింది. ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో ఆయనకి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. సమీక్షలన్నీ మాస్టారు కత్తిరించి ఫైల్లో అంటించుకున్నారు. ఏడుగురూ ఏడు రకాలుగా పొగిడారు గానీ, ఉదాహరించేటప్పుడు మాత్రం అందరూ రెండే కవితల దగ్గర ఆగారు. కృష్ణ రేవు మీద రాసిందొకటి, అమ్మ మీద రాసిందొకటి.

“ఏడుగురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా అందరి వేలూ ఆ రెండింటి మీదే పడిందంటే, కవిత్వం ఎక్కడుందో పసిగట్టగల వాళ్ళు ఇంకా మిగిలున్నారన్నమాట” అనేవారు మాస్టారు.

అలాంటి రోజుల్లో పిడుగురాళ్ళ నుంచి ఒక మెసేజ్ వచ్చింది.

‘అయ్యా, నమస్కారం. నేను పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. మీ పుస్తకం గురించి పేపర్లో చదివి దించుకున్నాను. 168 పేజీలూ తెల్లగా ఉన్నాయి. మా అబ్బాయి ఫోన్‌లో చూసినా అంతే. లోపం నాదో ఫైలుదో తెలియక అడుగుతున్నాను.’

‘మీ ఫోన్ పాతదై ఉంటుంది’ అని జవాబిచ్చారు మాస్టారు. మర్నాడు ఆ పెద్దమనిషి నెట్ సెంటర్‌కి వెళ్ళి కంప్యూటర్‌లో కూడా చూశానని, అక్కడా తెల్లగానే ఉందని మళ్ళీ రాశాడు. మాస్టారికి చిరాకేసింది. అయితే ఆదివారం నాడు గుంటూరులో ఒక సభ ఉంది, అక్కడ తెర మీద ఈ వెబ్‌సైటు చూపిస్తారట. ఎందుకైనా మంచిదని పై వాటా కుర్రాణ్ణి కేకేశారు. ఆ అబ్బాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంటాడు.

“ఏం లేదబ్బాయ్, ఎవరో పెద్దమనిషికి ఫైల్ తెరవడం రావట్లేదు. ఓసారి చూసి పెట్టు.”

కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో బటన్ నొక్కాడు. పీడీఎఫ్ దిగింది, తెరుచుకుంది. 168 పేజీలు. అన్నీ తెల్లగా ఉన్నాయి.

“నా దగ్గర బాగానే ఉందే!” అని మాస్టారు తన కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీదున్న ఫైల్ తెరిచారు. నిజమే, అక్షరాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

“అది మీరు చేయించిన అసలు కాపీ మాస్టారూ. సైటు లోంచి దిగింది కాదు” అని కుర్రాడు రెండు ఫైళ్ళ సైజులూ పక్కపక్కన పెట్టి చూశాడు. డౌన్‌లోడ్ పాడైందంటే మొదట చూడాల్సింది అదే. దిగిన ఫైల్ నాలుగైదు కేబీలే ఉంటే, పుస్తకానికి బదులు సర్వర్ పంపిన ‘దొరకలేదు’ అనే పేజీ పుస్తకం పేరు పెట్టుకుని వచ్చిందన్నమాట. సగమో ముప్పావో ఉంటే నెట్ మధ్యలో తెగిందన్నమాట. ఇక్కడ అసలు ఫైల్ 3.1 ఎంబీ, దిగింది 5.6 ఎంబీ.

“ఇదేమిటి, పెరిగింది!” అన్నాడు కుర్రాడు. తెగిన ఫైల్ చిన్నదవుతుంది గానీ పెరగదు. పూర్వం ఎఫ్‌టీపీలో ఆస్కీ మోడ్ పెట్టి ఎక్కిస్తే, పంక్తి చివరి గుర్తులు మారిపోయి ఫైల్ పాడయ్యేది. దానివల్ల సైజు కొద్దిగా అటూ ఇటూ అవుతుందే తప్ప దాదాపు రెట్టింపు కాదు.

“పెరిగితే మంచిదేగా” అన్నారు మాస్టారు.

కుర్రాడు హోస్టింగ్ ప్యానెల్ లోపలికి వెళ్ళి, సర్వర్లో ఉన్న ఫైల్‌ని నేరుగా దించాడు. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దానికీ, డెస్క్‌టాప్ మీదున్న అసలు ఫైల్‌కీ షా-256 లెక్క తీశాడు. ఫైల్ ఎంత పెద్దదైనా ఈ లెక్కకి 64 అక్షరాల జవాబే వస్తుంది. ఫైల్లో ఒక్క బైట్ తేడా ఉన్నా ఆ జవాబు పూర్తిగా మారిపోతుంది. రెండింటికీ 64కి 64 అక్షరాలూ కలిశాయి. బ్రౌజర్లో ఫైల్ అడ్రస్ నేరుగా కొట్టి చూశాడు. పుస్తకం ముచ్చటగా తెరుచుకుంది. మళ్ళీ బటన్ నొక్కాడు. తెల్ల పేజీలు.

“సర్వర్ మంచిదే, ఫైల్ మంచిదే. తేడా అంతా బటన్‌లో ఉంది.”

దిగిన ఫైల్‌ని హెక్స్ ఎడిటర్లో తెరిచాడు. మొదటి పంక్తి సవ్యంగానే ఉంది, పీడీఎఫ్ 1.4 అని. రెండో పంక్తి నుంచి మొదలైంది. ఈఎఫ్, బీఎఫ్, బీడీ. మళ్ళీ ఈఎఫ్, బీఎఫ్, బీడీ. ఎంత కిందికి జరిపినా అవే మూడు బైట్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కుర్రాడి మొహం వెలిగింది.

“దొరికింది మాస్టారూ. పీడీఎఫ్‌లో ఈ రెండో పంక్తిని కావాలనే పెడతారు. ‘ఇది మామూలు రాత కాదు, బైనరీ, జాగ్రత్తగా మోయండి’ అని దారిలో తగిలే ప్రోగ్రాములకి చెప్పడానికి. మన బటన్ ముందు ఆ హెచ్చరికనే మింగేసింది.”

“నాకు తెలుగులో చెప్పు.”

“తెలుగు రాని కంపోజిటర్‌కి మీ రాతప్రతి ఇచ్చారనుకోండి. అతను బుద్ధిమంతుడే, ఏదీ వదిలిపెట్టడు. కాకపోతే తనకి తెలియని అక్షరం తగిలినప్పుడల్లా ఒకటే ప్రశ్నార్థకం పేరుస్తాడు. ప్రూఫ్ తీసి చూస్తే ఎలా ఉంటుంది? ఈ బటన్ వెనకున్న స్క్రిప్టు అదే పని చేసింది. పీడీఎఫ్‌ని ఉన్నదున్నట్టు అందుకోకుండా, ఏదో ఉత్తరం చదివినట్టు యూటీఎఫ్-8 రాతగా చదివింది. ఆ పద్ధతిలో అర్థం కాని బైట్ ఎదురైతే, దాని స్థానంలో ‘తెలియదు’ అనే గుర్తు వేస్తుంది. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు పట్టినట్టే, ఆ గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. ఒక బైట్ పోయి మూడు వచ్చాయి కాబట్టే ఫైల్ ఉబ్బింది.”

“మరి 168 పేజీలూ ఎలా వచ్చాయి?”

“పేజీలెన్ని, కాగితం కొలతలెంత అన్నవి ఈ ఫైల్లో మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి. అవి బతికాయి. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చెడినా, చాలా పీడీఎఫ్ రీడర్లు తంటాలు పడి దాన్ని మళ్ళీ కట్టుకుంటాయి. మీ కవితలూ, ఫాంట్లూ మాత్రం కుదించిన బైట్లలో ఉన్నాయి. అవి పోయాయి. అందుకే లెక్క ప్రకారం పేజీలున్నాయి, పేజీల్లో ఏమీ లేదు.”

“దిగిపోయిన ఫైళ్ళని బాగు చెయ్యలేమా?”

“లేమండీ. వేర్వేరు బైట్లన్నీ ఒకే గుర్తుగా మారాక, దేని స్థానంలో ఏముండేదో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ దించుకోవాల్సిందే.”

స్క్రిప్టు తెరిస్తే ‘టెక్స్ట్’ అని ఉన్న చోట ‘బ్లాబ్’ అని మారిస్తే సరిపోయేలా ఉంది. ఒక్క మాట. కుర్రాడు దాన్ని మార్చి ఊరుకోలేదు. అసలా స్క్రిప్టు చేతికి పుస్తకం ఇవ్వడమే దండగని, బటన్‌ని ఫైల్‌కి నేరుగా వెళ్ళే లింకుగా చేసి, లెక్కపెట్టే పని విడిగా పెట్టాడు. బ్రౌజర్లు పాత స్క్రిప్టునే దాచుకుని వాడకుండా దాని పేరు చివర కొత్త వెర్షన్ నంబరు తగిలించాడు. మళ్ళీ నొక్కాడు. 3.1 ఎంబీ. అక్షరాలు. షా-256 కలిసింది.

“పిడుగురాళ్ళ ఆయనకి మళ్ళీ దించి చూడమని మెసేజ్ పెట్టండి మాస్టారూ. బయటి ఫోన్‌లో కూడా పనిచేస్తే ఇక బెంగ లేదు.”

మాస్టారు మెసేజ్ పెట్టి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. “అసలా వెధవ స్క్రిప్టు ఎందుకు పెట్టాడంటావ్, మన సైటు చేసిన అబ్బాయి?”

“బటన్ నొక్కినప్పుడల్లా అంకె పెరగడానికండీ.”

మాస్టారికి గుర్తొచ్చింది. సైటు చేసినవాడు మొదట మామూలు లింకే పెట్టాడు. ఎంతమంది తీసుకున్నారో అందరికీ కనపడాలని పట్టుబట్టింది తనే. పుస్తకం విడుదల నాటి మధ్యాహ్నం ఆ అంకె వచ్చి చేరింది.

“పోనీలే. ఈమధ్యనే పాడై ఉంటుంది” అన్నారు.

కుర్రాడు జవాబు చెప్పకుండా మాస్టారి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. అదే పుస్తకం, పేరు చివర బ్రాకెట్లలో 1, 2, 3 అంటూ 83 దాకా ఉంది.

“ఇవన్నీ ఏమిటి మాస్టారూ?”

“బటన్ పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ నొక్కి చూస్తుంటాలే.”

“తెరిచి చూడలేదా?”

“నా కవిత్వం నేను తెరిచి చూసుకోవడమేమిటి?”

కుర్రాడు ఫోల్డర్‌ని తేదీల వారీగా సర్ది, అన్నిటికన్నా పాతదాన్ని నొక్కాడు. విడుదల నాటి రాత్రి దిగిన కాపీ అది. 5.6 ఎంబీ. 168 తెల్ల పేజీలు.

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కుర్రాడే కాస్త ఊరట కల్పించబోయాడు.

“సమీక్షకులకి మీరు విడిగా మెయిల్లో పంపి ఉంటారు కదండీ?”

“మెయిల్లో ఎందుకు పంపుతాను? లింకే పంపాను. అంకె పెరగాలిగా.”

“అవార్డు వాళ్ళకి?”

“లింకే.”

“ఆ పీహెచ్‌డీ అబ్బాయికి?”

మాస్టారు జవాబివ్వలేదు. లేచి వెళ్ళి సమీక్షల ఫైల్ తెచ్చారు. ఒక్కో కాగితం తిప్పుతూ వెళ్ళారు. రేవు, అమ్మ. రేవు, అమ్మ. అమ్మ, రేవు. తలెత్తి ల్యాప్‌టాప్ తెర వంక చూశారు. అట్టకీ బటన్‌కీ మధ్య, నొక్కకుండానే చదువుకోగలిగిన చోట, మచ్చు కవితలు రెండున్నాయి. రేవు, అమ్మ.

“అంటే ఒక్కడు... ఒక్కడు కూడా చదవలేదా?”

“నేను చదివాను” అంది లోపలి నుంచి వాళ్ళావిడ. “టైపు చేసిందీ, తప్పులు దిద్దిందీ నేనేగా.”

“నువ్వు లెక్కలోకి రావు, ఊరుకో!” అని కసిరి మాస్టారు ఒక్కసారిగా భగ్గుమన్నారు. “చదవకుండా రాశార్రా! పుస్తకం తెరవకుండా సమీక్ష రాశారు! కాగితం మీద ఏమీ లేదని ఒక్కడూ ఫోన్ చేసి అడగలేదు. మట్టి పరిమళమట, మట్టి పరిమళం! తెల్ల కాగితానికి మట్టి వాసనెక్కడిదిరా? ఇది సాహిత్య ద్రోహం కాదూ? వీళ్ళ వల్లేనబ్బాయ్ తెలుగు సాహిత్యం ఇలా తగలడింది. వీళ్ళందరిలోకీ ఆ గుంటూరు వాడు! ముప్పై ఏళ్ళ స్నేహం. ఏం రాశాడో తెలుసా? ‘ఏకబిగిన చదివించింది, రెండో పఠనంలో కొత్త అర్థాలు తోచాయి’ అని. రెండో పఠనమట! ఉండు, ఇప్పుడే వాణ్ణి కడిగేస్తాను. ముందు నువ్వు చూడు వాడి రాత, కళ్ళారా చూడు.”

వాట్సాప్‌లో ఆ మిత్రుడి చాట్ తెరిచి ఫోన్ కుర్రాడి చేతిలో పెట్టారు. సమీక్ష ఫొటో ఉంది. ఏకబిగిన అన్న మాట కింద మాస్టారు ఎర్రగీత కూడా గీసి ఉంచారు. కుర్రాడు దాన్ని చదివి, అలవాటుగా వేలితో పైకి జరిపాడు.

ఆ సమీక్షకి వారం ముందు మాస్టారు పంపిన పేపర్ కటింగ్ ఉంది. ఆ మిత్రుడి కథల సంపుటి మీద మాస్టారి సమీక్ష. ‘214 పేజీల ఈ సంపుటి ఏకబిగిన చదివిస్తుంది’ అని మొదలవుతుంది. దాని కింద మిత్రుడి దణ్ణాలు, ధన్యవాదాలు. దాని పైన ఆ మిత్రుడు పంపిన పుస్తకం. పీడీఎఫ్, 214 పేజీలు, 9 ఎంబీ. పక్కనే గుండ్రటి గీత మధ్య కిందికి చూస్తున్న బాణం గుర్తు. ఫోన్ నిండిపోతోందని ఆటో డౌన్‌లోడ్ ఆపించుకున్నారు మాస్టారు. బాణాన్ని వేలితో నొక్కితే తప్ప ఆ ఫైల్ దిగదు.

కుర్రాడు ఇంకాస్త పైకి జరిపి చూడలేదు. అమాయకంగానే అడిగాడు.

“మాస్టారూ, ఇది కూడా పాడైన ఫైలేనా? దించలేదేమిటి?”

మాస్టారు ఫోన్ అందుకుని కళ్ళద్దాలు సవరించుకున్నారు. బాణం వంకా, దాని కిందున్న తన సమీక్ష వంకా మార్చి మార్చి చూశారు. గుంటూరుకి ఫోన్ కలపడానికి లేచిన వేలు గాల్లోనే ఉండిపోయింది.

“అది... వాడి కథలు నాకు మొదట్నించీ తెలిసినవేలే” అన్నారు చివరికి. “ముప్పై ఏళ్ళ స్నేహం. ఆ మాత్రం దానికి వాణ్ణి అనడమెందుకు? మనసు మంచిది వాడిది. ఆదివారం సభకి అధ్యక్షుడు కూడా వాడే.”

అంతలో ఫోన్ మోగింది. పిడుగురాళ్ళ నుంచి మెసేజ్.

‘ఇప్పుడు చక్కగా తెరుచుకుందండీ. శ్రమ తీసుకుని బాగు చేయించారు, కృతజ్ఞతలు. ఇవాళ రాత్రి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కూర్చుని చదువుతాను. ఏవి నచ్చాయో, ఏవి నచ్చలేదో దాచుకోకుండా రేపు పొద్దున్నే వివరంగా రాస్తాను.’

మాస్టారు ఒకసారి చదివారు. రెండో పఠనం కూడా చేశారు. తర్వాత ఫోన్ మళ్ళీ కుర్రాడి చేతికిచ్చి, లోపలికి వినపడకుండా గొంతు తగ్గించారు.

“అబ్బాయ్, దీంట్లో మనిషిని బ్లాక్ చెయ్యడం ఎలా?”